రెండే ప్లేట్లు మిగిలాయనుకోండి

తుంగభద్ర మన మానవపాడు పొలాల వైపు రాకముందే హంపిని ఒరుసుకుని వస్తుంది. ఆ హంపిలో 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి ఓ భారీ కెమెరా మోయించుకుంటూ శిథిలాల మధ్య తిరిగాడు. ఫిల్ము అప్పటికింకా పుట్టలేదు. మైనం పట్టించిన కాగితానికి మందు పూసి దాన్నే నెగెటివుగా వాడేవాళ్ళు. గ్రీన్‌లా కాగితాలు ఒక్కొక్కటీ దాదాపు 16 అంగుళాలకు 18 అంగుళాలు. కెమెరా ఎంతుండేదో మీరే ఊహించుకోండి. ఒక్క బొమ్మకు నిమిషాల తరబడి లెన్స్ తెరిచి ఉంచాలి. సైన్యంలో కొలువు చేసుకుంటూనే ఇష్టం కొద్దీ ఇంత తంటా పడ్డాడు. ఆ నెగెటివులు వందేళ్ళకు పైగా మరుగున పడి ఉన్నాయి. బయటపడ్డాక, 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ హంపికొచ్చి, గ్రీన్‌లా నిలబడిన చోట్లే వెతుక్కుని నిలబడి, అవే బొమ్మలు మళ్ళీ తీశాడు. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి పుస్తకం వేశారు.

మీ చేతిలో ఫోనుంది. ఓ పెళ్ళిలో అరగంట తిరిగితే గ్రీన్‌లా హంపి అంతా తిరిగి తీసినదానికంటే ఎక్కువ బొమ్మలు తీసేస్తారు. వాటిలో ఎన్నింటిని మళ్ళీ తెరిచి చూశారు? పాపం, ఫోనుదేం తప్పు లేదు. తీసేముందు తేల్చుకోవడం మనమే మానేశాం. ఈ జబ్బు ఫొటోలతో ఆగదు. గ్రూప్స్‌కు చదివే కుర్రాడి దగ్గర పది పీడీఎఫ్‌లు, అయిదు యూట్యూబ్ చానళ్ళు, మూడు టెస్ట్ సిరీస్‌లు ఉంటాయి. ఏదీ సగం దాటదు. ఎందుకు దాటలేదంటే టైము లేదంటాడు.

ఇప్పటికీ కావాలని కష్టమైన కెమెరాను పట్టుకుని తిరిగేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. లార్జ్ ఫార్మాట్ ఫిల్ము కెమెరా వాళ్ళు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సినవి రెండు. ఇష్టమైన పనిని నిదానంగా చేయడం ఒకటి, ఆ ఇష్టాన్ని దాచుకోకుండా పంచడం రెండోది. మొదటిది అందరూ చెబుతారు. అసలు కిటుకు రెండోదాంట్లో ఉందని నా అభిప్రాయం.

తలకిందుల బొమ్మ

ముందు కెమెరా సంగతి. వెనక ఒక గరుకు అద్దం, ముందు లెన్స్ బిగించిన పలక, ఆ రెండింటి మధ్య హార్మోనియం తిత్తిలా మడతలు పడే నల్లటి తోలు లేదా గుడ్డ. అంతే. బ్యాటరీ లేదు, బీప్ లేదు. రీలు బదులు విడివిడి ఫిల్ము షీట్లు. చిన్న సైజు 4 అంగుళాలకు 5 అంగుళాలు. పాత రీలు కెమెరాలో ఒక్క ఫ్రేము ఎంతుండేదో దానికి ఇది దాదాపు పదిహేను రెట్లు. 8 అంగుళాలకు 10 అంగుళాల షీటయితే అరవై రెట్లు. ఒక్కో షీటుకు వందల రూపాయలు. అందుకే ఇందులో చెయ్యి ఊరికే బటన్ మీదకు పోదు.

ఫొటోగ్రాఫర్ తలమీద నల్లగుడ్డ కప్పుకుని గరుకు అద్దంలోకి చూస్తాడు. అక్కడ లోకం తలకిందులుగా కనిపిస్తుంది, కుడి ఎడమలు కూడా తారుమారై. మొదటిసారి చూసినవాళ్ళకు చిరాకేస్తుంది. అలవాటైనవాళ్ళు దాన్నే వరమంటారు. ఎదురుగా ఉన్నది ‘మామయ్య మొహం’, ‘గుడి గోపురం’ అని పేర్లు తట్టేలోపే కళ్ళు వెలుగునూ నీడనూ గీతలనూ చూసేస్తాయట. తెలిసిన ముఖాన్ని కొత్తగా చూడగలగడం చిన్న విద్యేం కాదు. ఇంట్లో తమ్ముడితో గొడవ ముదిరినప్పుడు అతని వైపు నుంచి ఒక్కసారి ఆలోచించమని పెద్దలు చెప్పేది కూడా ఈ విద్యే.

ఈ తలకిందుల వింత చూడటానికి కెమెరా కొనక్కర్లేదు. హంపి విరూపాక్ష ఆలయంలో ఓ గది గోడమీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. చిన్న కంతలోంచి వచ్చిన వెలుగు చేసే పని అది. మీ ఇంట్లోనూ పడుతుంది. వీధి వైపు గదిని ఎన్నుకోండి. మిట్ట మధ్యాహ్నం తలుపులూ కిటికీలూ దుప్పట్లతో, నల్ల కాగితాలతో పూర్తిగా మూసేయండి. వీధి వైపు శనగగింజంత కంత ఒక్కటే వదలండి. అయిదు పది నిమిషాలు కళ్ళను చీకటికి అలవాటు పడనివ్వండి. సున్నం కొట్టిన ఎదురు గోడమీద వీధంతా తలకిందులై, రంగులతో సహా, కదులుతూ కనిపిస్తుంది. ట్రాక్టరు చక్రాలు పైకి పెట్టుకుని పోతుంది. పక్కింటి పిల్లలందర్నీ ముందే పిలిచి ఉంచండి. తర్వాత పిలిస్తే ‘అబద్ధం’ అంటారు.

పన్నెండు ప్లేట్లతో కొండెక్కినవాడు

అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్ అని పాతికేళ్ళ కుర్రాడు. 1927 ఏప్రిల్‌లో యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే నిట్టనిలువు రాతికొండను తీయాలని, కెమెరా, పన్నెండు గాజు ప్లేట్లు వీపున వేసుకుని మంచులో ఎక్కాడు. దారిలో అక్కడా ఇక్కడా తీస్తూ, కొన్ని పాడు చేసుకుంటూ, చేరాల్సిన చోటికి చేరేసరికి చేతిలో మిగిలినవి రెండు. ఒక ప్లేటును మామూలుగా వాడే పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీసిన వెంటనే అనుమానమొచ్చింది. ఉన్నది ఉన్నట్టు వస్తుంది సరే, తనకు ఆ కొండను చూస్తే గుండెల్లో కలిగిన బరువు ఇందులో వస్తుందా? ఆకాశం తెల్లగా తేలిపోతే ఆ బరువెక్కడిది? చిట్టచివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టర్ తగిలించాడు. ఎరుపు ఫిల్టర్ నీలి ఆకాశాన్ని దాదాపు నలుపు చేస్తుంది. ఆ ఆఖరి ప్లేటే ‘మోనోలిత్’ పేరుతో లోకానికి తెలిసిన బొమ్మ. తీయబోయే ప్రింటును ముందే మనసులో చూసుకోవడం తనకు ఆ రోజే తెలిసివచ్చిందని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు.

చాలామంది ఈ కథ విని ‘ఆఖరి అవకాశం’ గురించి ఉపన్యాసాలిస్తారు. నాకు అందులో నచ్చేది మొదటి ప్లేటుకూ రెండో ప్లేటుకూ మధ్య ఉన్న ఆ కాసేపు. ‘తీశాను కదా, పద’ అనకుండా, తీసినది తను అనుకున్నదేనా అని తనను తాను ప్రశ్నించుకున్న కాసేపు. ఆ ప్రశ్న వేసుకోవడానికి ప్లేట్లు తక్కువ ఉండటం సాయపడింది. రెండొందలుంటే వేసుకునేవాడే కాదు.

కాబట్టి ప్లేట్లు తగ్గించుకోండి. ఈసారి అలంపురం వెళ్ళినప్పుడు నవబ్రహ్మ ఆలయాల దగ్గర రెండే రెండు ఫొటోలు తీస్తానని ఒట్టు పెట్టుకోండి. బాదామి చాళుక్యులు పదమూడు వందల ఏళ్ళ నాడు కట్టిన గుళ్ళవి. మీరు అరగంట ఆలస్యంగా తీసినా ఎక్కడికీ పోవు. చుట్టూ తిరగండి. ఎండ ఎటు నుంచి పడుతోందో చూడండి. స్వర్గబ్రహ్మ ఆలయం గోడమీది శిల్పాలకు ప్రాణమొచ్చేది ఎండ ఏటవాలుగా తగిలినప్పుడే. అప్పటిదాకా ఆగండి. చదువుకు కూడా ఇదే కొలత పెట్టుకోండి: ఈ వారం రెండు పాఠాలు, మూడోదాని జోలికి పోను. పోకుండా ఉండటమే కష్టం, చూడండి.

అక్కడే ఇంకో సంగతి. ఎత్తయిన శిఖరాన్ని ఫోనుతో తీయాలంటే దగ్గరకెళ్ళి ఫోనును వెనక్కి వంచుతాం. ఫొటోలో గుడి వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. లార్జ్ ఫార్మాట్ కెమెరా వాళ్ళు వంచరు. ఫిల్ము ఉండే వెనక భాగాన్ని గోడకు సమాంతరంగా నిలువునా ఉంచి, ముందున్న లెన్స్ పలకను మాత్రం పైకి జరుపుతారు. శిఖరం మొత్తం వస్తుంది, గోడలు నిటారుగా ఉంటాయి. ఫోనులో ఆ సదుపాయం లేదు కనుక, మీరు బాగా వెనక్కి జరిగి ఫోనును నిలువుగా పట్టుకుని తీయండి. కింద అనవసరంగా వచ్చిన నేలను తర్వాత కత్తిరించేయండి. నడుం వంచకుండా పైకి చూసే ఈ పద్ధతి ఇంటర్వ్యూ గదిలో కూడా పనికొస్తుందని నా అనుమానం.

తెల్ల అంచు, నల్ల అంచు

ఈ కెమెరాతో ఒక్క ఫొటో తీయాలంటే ఓ వరస ఉంది. స్టాండు నిలబెట్టాలి. లెన్స్ తెరవాలి. గుడ్డ కింద దూరి, భూతద్దంతో ఫోకస్ చూడాలి. లెన్స్ మూయాలి. ఫిల్ము పెట్టెను వెనక దూర్చాలి. దాని ముందున్న పలుచటి మూత లాగాలి. గాలి ఆగేదాకా చూసి నొక్కాలి. మూత మళ్ళీ పెట్టాలి. లెన్స్ మూయకుండా మూత లాగారా, షీటు మటాష్. కొమ్ములు తిరిగినవాళ్ళు కూడా ఏదో ఒకరోజు ఈ తప్పు చేస్తారు. అందుకే వాళ్ళు తెలివిని నమ్ముకోరు, వరసను నమ్ముకుంటారు. మనసు బాగోలేని రోజున కూడా చేతులు ఆ వరసలోనే నడుస్తాయి.

ఆ మూతకు ఒకవైపు అంచు తెల్లగా, రెండోవైపు నల్లగా ఉంటుంది. తెలుపు బయటికుంటే లోపల ఫిల్ము తాజాది. తీశాక మూతను తిప్పి పెడతారు, నలుపు బయటికొస్తుంది. అంటే వాడేసింది, ముట్టుకోవద్దు. పైసా ఖర్చు లేని ఈ ఏర్పాటు లేకపోతే ఒకే షీటు మీద రెండు బొమ్మలు పడి రెండూ పోతాయి. అయిన పనికీ కాని పనికీ ఇలాంటి గుర్తు మీ బల్లమీద ఉందా? కట్టిన కరెంటు బిల్లు, కట్టని బిల్లు ఒకే కవర్లో పెట్టుకునే ఇల్లయితే ముందు అక్కడ మొదలుపెట్టండి.

గుడ్డ కిందికి ఇంకొకరిని రానివ్వండి

ఇక అసలు సంగతికొద్దాం.

ఊళ్ళో బస్టాండు దగ్గర ఎవరైనా ఇలాంటి కెమెరా నిలబెట్టి చూడండి. పది నిమిషాల్లో మనుషులు చేరతారు. “అన్నా, ఏందిది? నేనొకసారి చూడొచ్చా?” అని ఓ పిల్లాడు తప్పకుండా అడుగుతాడు. ఫోనుతో తీసేవాణ్ణి ఎవరూ అలా అడగరు. ఇక్కడ రెండు రకాల మనుషులుంటారు. ‘ముట్టుకోకు, ఖరీదైంది’ అనేవాడొకడు. గుడ్డ ఎత్తి ‘దా, చూడు’ అనేవాడొకడు. ఈ కెమెరాలను నిజంగా ప్రేమించేవాళ్ళలో రెండో రకమే ఎక్కువ. తాము వాడని లెన్స్ అరువిస్తారు. ఏ మందులో ఎన్ని నిమిషాలు కడిగితే ఏమొచ్చిందో నోటుబుక్కు తెరిచి చూపిస్తారు. పాడైపోయిన షీటునూ చూపించి, ఎందుకు పాడైందో చెబుతారు. పిల్లాడికి వివరించబోయి, తమకు సగమే తెలిసిన సంగతిని ఆ రాత్రి పుస్తకం తీసి పూర్తిగా చదువుకుంటారు. పంచేవాడికి దక్కే లాభం అదీ.

దీనికి మన హైదరాబాదులోనే పెద్ద ఉదాహరణ ఉంది. రాజా దీన్ దయాళ్. పుట్టింది 1844లో, మీరట్ దగ్గర సర్ధనాలో. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేసేవాడు. ముప్పై ఏళ్ళ ప్రాయంలో సరదాగా కెమెరా పట్టాడు. గాజు ప్లేట్ల కాలం. సరదా ముదిరి, మధ్య భారతంలోని కట్టడాలన్నీ తిరిగి తీశాడు. ఉద్యోగం వదిలి హైదరాబాదు చేరి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ‘రాజా’ బిరుదు నిజాం ఇచ్చిందే.

ఆయన బొమ్మలకంటే నాకు ఆయన 1892లో చేసిన పని గొప్పగా తోస్తుంది. పరదా పాటించే ఆడవాళ్ళు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోరు కదా అని చేతులు దులుపుకోకుండా, వాళ్ళకోసమే వేరుగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడిపే పని ఒక ఆంగ్ల మహిళ చేతికిచ్చాడు. నవాబుల ఫొటోలతోనే కావలసినంత పేరూ డబ్బూ వస్తున్న మనిషి, తన కెమెరా ముందుకు రాలేనివాళ్ళెవరని ఆలోచించాడు. మీ విద్య ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోతోందో మీరూ చూసుకోండి. కంప్యూటరొచ్చిన కుర్రాడికి తన ఇంట్లో అక్క పింఛను దరఖాస్తు కోసం మీసేవలో గంటలు కూచుంటోందని తెలియదు. తెలిసినా ‘తర్వాత చూద్దాంలే’.

దీన్ దయాళ్ 1905లో పోయాడు. ఆయన సంస్థ గాజు నెగెటివులు 2,857 దాకా ఉంటే, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని భద్రపరిచింది. గ్రీన్‌లావి బయటపడకపోయి ఉంటే? ఒక్క ప్రతిగా దాచుకున్న ఫొటోకు వరదొస్తే ఏమవుతుందో, 2009 అక్టోబరు చూసిన తుంగభద్ర ఒడ్డువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అంతకు చాలా ముందే శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళు విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ కట్టారు. ఇళ్ళను అలా కట్టలేదు. మునిగిన ఊరి వీధి, బడి, పెళ్ళిపందిరి కనిపించే పాత స్టూడియో ఫొటో మీ అమ్మమ్మ పెట్టెలో ఉందేమో అడగండి. ఉంటే మంచి వెలుతురులో కాపీ తీసి ఆ ఊరివాళ్ళందరికీ పంపండి. అందులో ఉన్నవాళ్ళ పేర్లు అమ్మమ్మ నోటివెంట విని వెనక రాసిపెట్టండి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. పేర్లు తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళు.

అలాగే గద్వాలలోనో కర్నూలులోనో పాతకాలపు స్టూడియో నడిపిన పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్ళి కలవండి. హాఫ్ ప్లేట్, ఫుల్ ప్లేట్ అంటే ఏమిటో, నెగెటివు మీద పెన్సిలుతో మొహం మచ్చలు ఎలా చెరిపేవారో అడగండి. ‘ఇప్పుడెవరికి కావాలి బాబూ’ అంటూనే రెండు గంటలు చెబుతారు. చెప్పించుకోవడం కూడా పంచుకోవడమే.

డబ్బు లేదన్న మాట

‘ఇవన్నీ ఉన్నవాళ్ళ ముచ్చట్లు’ అని మీరనుకోవచ్చు. సగం నిజం. కానీ కేరళలోని అలప్పుళలో 1940లలో జరిగింది వినండి. కరుణాకరన్ అనే యువకుడి తండ్రి సంగీత వాద్యాలు బాగుచేసేవారు. ఓ స్టూడియో యజమాని తన కెమెరా తిత్తి చిరిగిపోతే వాళ్ళ దగ్గరికే తెచ్చాడు. అలా మొదలైన పని, కరుణాకరన్ టేకు చెక్కతో, ఇత్తడితో సొంతంగా కెమెరా చేసేదాకా వెళ్ళింది. దాని పేరు వాగీశ్వరి. విదేశీ కెమెరా కొనలేని ఎన్నో స్టూడియోలు దాంతో బతికాయి. ఆ స్టూడియో ఆయన తన కెమెరాను విప్పి చూడనివ్వకపోతే వాగీశ్వరి లేదు. 2014లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఓ కుర్రాడు ప్లైవుడ్‌తో తేలికపాటి 4×5 కెమెరా చేసి, జనం దగ్గర ముందుగా చందాలు పోగేసి అమ్మకాలు మొదలుపెట్టాడు. ఇంట్రెపిడ్ అంటారు దాన్ని.

మీకు అది కూడా వద్దు. ఏటా ఒకే ఒక్క ఫొటో చాలు. అమెరికాలో నికొలస్ నిక్సన్ తన భార్యనూ ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్ళనూ 1975లో 8×10 కెమెరాతో తీశాడు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ, అదే వరసలో నిలబెట్టి, 2022 దాకా తీశాడు. చూస్తుండగానే నలుగురు అమ్మాయిలు ముసలివాళ్ళవుతారు. ఇందులో ఖరీదైనది కెమెరా అనుకుంటున్నారా? దాదాపు యాభై ఏళ్ళు మాట తప్పకపోవడం, ఆ నలుగురూ ప్రతిసారీ ‘సరే’ అనడం. మీరు ఫోనుతోనే చేయండి. సంక్రాంతి నాడు అందరూ ఊరికి వస్తారు కదా. అదే గుమ్మం, అదే వరస, ఒకే ఫొటో. ప్రింటు వేయించి ఒక్కో ఇంటికి ఒక్కోటి ఇవ్వండి. అన్నదమ్ములు మాట్లాడుకోని ఏడాది కూడా ఆ వరసలో నిలబడాల్సి వస్తే, కొన్ని పంచాయితీలు అక్కడే తేలిపోతాయి.

పాత పద్ధతి రుచి చూడాలనిపిస్తే ఒక రేకు డబ్బా చాలు. లోపల నల్ల రంగు వేయండి. పక్కకు చిన్న రంధ్రం చేసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కకు కుట్టుసూది మొనతో కంత పెట్టి దానిమీద అతికించండి. కంతను టేపుతో మూసి, చీకటి గదిలో ఎర్రబల్బు వెలుగులో ఫొటో కాగితం లోపల పెట్టి మూత బిగించండి. కాగితం, కడిగే మందు ఊళ్ళో దొరకవు, తెప్పించుకోవాలి. నలుగురు కలిసి తెప్పించుకుంటే చవక. మంచి ఎండలో అరనిమిషం నుంచి నిమిషం దాకా కంత తెరిచి ఉంచి, మళ్ళీ చీకటి గదిలో మందులో కడిగితే నెగెటివు వస్తుంది. దాన్ని ఫోనుతో తీసి రంగులు తిరగేస్తే బొమ్మ. మొదటి కాగితం నల్లగా మాడిపోవచ్చు. టైము తగ్గించి, ఆ లెక్క నోటుబుక్కులో రాసి, మళ్ళీ చేయండి.

ఏటా ఏప్రిల్ చివరి ఆదివారాన్ని ప్రపంచవ్యాప్తంగా పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినంగా జరుపుకుంటారు. ఏప్రిల్లో మన నడిగడ్డలో ఎండకు కొదవ లేదు. డబ్బాలు ఇప్పుడే పోగేయండి, వీధిలో పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి. మొదటి కంత మాత్రం వాళ్ళచేతే పెట్టించండి.